ప్రాసెసరు వేగం ఎంతవరకు పెంచవచ్చు?

విద్యార్థులారా! డ్రిల్లు మాస్టారు ఈల వేగంగా ఊదుతూ పోతే ఏమవుతుందో మీకు తెలుసు. కొంతవరకు అందరూ అడుగు కలుపుతారు. ఆపైన ఒకరి అడుగు తప్పుతుంది, వరుస చెదురుతుంది. కంప్యూటరులోని ప్రాసెసరు కూడ ఇలాగే ఒక గడియారపు స్పందనలను అనుసరించి పనిచేస్తుంది. ఆ స్పందనలను తయారీదారు నిర్ణయించిన దానికన్న వేగంగా నడపడాన్నే 'ఓవర్‌క్లాకింగ్' అంటారు. విడిభాగాలు కొని, స్వయంగా తొలి కంప్యూటరును కూర్చుకున్నవారికి ఈ కోరిక కలగడం సహజం. అయితే ఎక్కడ ఆగాలో తెలిసి ఉండాలి.

వేగం ఎలా వస్తుంది?

మూల గడియారం సాధారణంగా సెకనుకు 10 కోట్ల స్పందనలు, అనగా 100 మెగాహెర్ట్జ్ ఇస్తుంది. ప్రాసెసరు దీనిని ఒక గుణకంతో హెచ్చిస్తుంది. గుణకం 40 అయితే వేగం 4,000 మెగాహెర్ట్జ్, అంటే 4 గిగాహెర్ట్జ్. గుణకాన్ని 41 చేస్తే 4.1 గిగాహెర్ట్జ్ అవుతుంది. ఈ మార్పును 'బయాస్' తెరలో చేస్తారు. అన్ని ప్రాసెసర్లూ, అన్ని మదర్‌బోర్డులూ దీనికి వీలివ్వవు. కొనేముందే తెలుసుకోవాలి.

వేడి లెక్క

వేగం బాగా పెరిగితే ట్రాన్సిస్టర్లకు ఎక్కువ వోల్టేజి కావలసివస్తుంది. ట్రాన్సిస్టర్లు పనిచేసేటప్పుడు పుట్టే వేడి వేగానికీ, వోల్టేజి వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. రెండింటినీ 10 శాతం చొప్పున పెంచామనుకోండి. 1.1 × 1.1 × 1.1 = 1.331. వేగంలో లాభం 10 శాతమే. వేడి మాత్రం 33 శాతం పెరిగింది! కనుక తొలిసారి చేసేవారు వోల్టేజి జోలికి పోకుండా ఉండడమే మేలు. మదర్‌బోర్డు తనంతట తానే దానిని పెంచుతున్నదేమో కూడ గమనించాలి.

ఒక్కొక్క మెట్టే

ముందుగా మామూలు వేగంలో ఉష్ణోగ్రత ఎంత ఉందో రాసుకోండి. తరువాత గుణకాన్ని 1 మాత్రమే పెంచి, 'ప్రైమ్95' వంటి పరీక్షా ప్రోగ్రామును ఒక గంట నడపండి. ఇది జవాబు ముందే తెలిసిన పెద్ద లెక్కలు చేయించి, తప్పు వస్తే చెబుతుంది. తప్పు వచ్చినా, కంప్యూటరు ఆగిపోయినా ఒక మెట్టు వెనక్కు రండి. అనేక ప్రాసెసర్లు 95–100 డిగ్రీల సెల్సియస్ దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. మీరు 85 దగ్గరే ఆగండి.

మెమరీ సంగతి

3200 అని ముద్రించిన డి.డి.ఆర్.4 మెమరీ చాలావరకు మొదట 2133 లేక 2666 వంటి తక్కువ వేగంతోనే నడుస్తుంది. బయాస్‌లో 'ఎక్స్.ఎం.పి.' ఎంచుకుంటే ముద్రించిన వేగం వస్తుంది. వోల్టేజి సాధారణంగా 1.2 నుండి 1.35కు పెరుగుతుంది. ఇదీ ఓవర్‌క్లాకింగే.

మెమరీ తప్పు చప్పుడు చేయదు. ఆంగ్లాక్షరం 'ఎ' కంప్యూటరులో 1000001గా ఉంటుంది. అందులో ఒక్క సున్న ఒకటిగా మారి 1000011 అయితే అది 'సి' అవుతుంది. నెలల తరబడి మీరు రాసుకున్న ప్రాజెక్టు ఇలాగే పాడైపోవచ్చు. అందుచేత ముందుగా ఫైళ్ళకు వేరొక నకలు తీసుకోండి. ప్రాసెసరునూ మెమరీనీ ఒకేసారి మార్చవద్దు. 'మెమ్‌టెస్ట్86'తో పరీక్షించండి. ఒక్క తప్పు వచ్చినా ఆ వేగం పనికిరాదు.

మే నెలను మరువవద్దు

ఫాను ప్రాసెసరును గది ఉష్ణోగ్రత కన్న చల్లబరచలేదు. గదికన్న 50 డిగ్రీలు ఎక్కువ వేడెక్కే ప్రాసెసరు డిసెంబరులో 25 డిగ్రీల గదిలో 75 వద్ద ఉంటుంది. మే నెలలో 42 డిగ్రీల గదిలో అదే 92కు చేరుతుంది! చలికాలంలో నెగ్గిన పరీక్షను వేసవిలో మళ్ళీ చేయాలి.

కంప్యూటరు అసలు తెరుచుకోకపోతే కంగారు పడవద్దు. ప్లగ్గు తీసివేసి, మదర్‌బోర్డు మీది గుండ్రని బ్యాటరీని కొన్ని నిమిషాలు తీసి ఉంచితే పాత అమరికలు తిరిగి వస్తాయి. ఓవర్‌క్లాకింగ్ వల్ల వారంటీ పోవచ్చు కనుక ఇంట్లో పెద్దలకు చెప్పి మొదలుపెట్టండి.

మీరే చేయండి: వేగాన్నీ వోల్టేజినీ 5 శాతం చొప్పున పెంచితే వేడి ఎంత పెరుగుతుంది? (జవాబు: సుమారు 16 శాతం)