మోటారుబండిలో కమరు వాసన

పంచేంద్రియములలో ముక్కును మనము మిక్కిలి చులకన చేయుదుము. కంటితో చూచినదానిని నమ్ముదుము. చెవితో విన్నదానిని విచారింతుము. ముక్కు చెప్పినదానిని మాత్రము "ఏదో వాసన" యని త్రోసివేయుదుము. అట్లు త్రోసివేసి మేము పొందిన యనుభవము మా విద్యార్థుల కుపయోగించునని తలంచి యిచట వ్రాయుచున్నాము.

మేము ముగ్గురు విద్యార్థులతో విశాఖపట్టణమునుండి బొర్రా గుహలను చూచుటకు కారులో బయలుదేరితిమి. అంతకు వారము దినములకు ముందు ఆ బండిలో రబ్బరు కమరు వాసన రాగా, ఒక మెకానిక్కు ఇంజను ముందుండు బెల్టును మార్చి, ఇక భయము లేదని చెప్పియుండెను. శృంగవరపుకోట దాటి ఘాటురోడ్డు నెక్కుచుండగా వెనుక కూర్చున్న చిన్నవాడు, "మాస్టారూ, రబ్బరు కాలిన వాసనొస్తోందండీ" యనెను. "క్రొత్త బెల్టు వేయించితిమి గదా! అది బయటి వాసన, ఊరకుండుము" అంటిమి. రెండు మలుపులు తిరుగునప్పటికి ఇంజను కీచుమని యరచెను. బాటరీ గుర్తుగల యెఱ్ఱదీపము వెలిగెను. అప్పుడుగాని మేము బండి నాపలేదు.

శృంగవరపుకోటనుండి వచ్చిన వృద్ధ మెకానిక్కు, ఇంజను చల్లారినపిదప బెల్టును తీసి, అది త్రిప్పు చక్రముల నొక్కొక్కదానిని చేతితో త్రిప్పి చూచెను. తక్కినవి సులువుగా తిరిగినవి. విద్యుత్తును పుట్టించు ఆల్టర్నేటరు చక్రము మాత్రము గరగరమని బలవంతముగా కదలెను. లోని బేరింగు చెడి, వేడెక్కినప్పుడెల్ల బిగిసికొనుచుండెనన్నమాట. "బెల్టు తప్పేటుంది బాబూ? చక్రం తిరక్కపోతే బెల్టే కాలిపోద్ది" అని యాతడు నవ్వెను. మొదటివాడు కాలినదానిని మార్చెను గాని, కాల్చినదానిని వెదకలేదు. అనేకములైన కార్లలో ఇంజనును చల్లబఱచు నీటిపంపును గూడ ఈ బెల్టే త్రిప్పును. అట్టి బండిలో ఘాటుమీద బెల్టు తెగినచో కొద్ది నిమిషములలోనే ఇంజను మితిమీరి వేడెక్కును.

ఇందలి శాస్త్రము సులభమైనది. చక్రము నిలిచి బెల్టు జాఱినపుడు ఒరపిడివలన వేడి పుట్టును. రబ్బరు వేడిని త్వరగా లోనికి ప్రసరింపనీయదు. కావున ఆ వేడి పైపొరయందే నిలిచి దానిని కమర్చును. పచ్చి రబ్బరు ఎండకు జిగురై, చలికి పెళుసగును. దానిని గంధకముతో కలిపి కాచినచో గట్టిపడునని 1839లో అమెరికా దేశస్థుడగు చార్లెస్ గుడ్‌ఇయరు కనుగొని, 1844లో పేటెంటు పొందెను. అట్లు గట్టిపడిన రబ్బరునకును ఓర్పునకు మేర గలదు.

కమరు వాసన వచ్చినపుడు "ఎప్పుడు? ఎచ్చటినుండి?" అను రెండు ప్రశ్నలు వేసికొనవలెను. బండి ముందుభాగమునుండి, కీచుధ్వనితో వచ్చినచో బెల్టునో, దాని చక్రములనో శంకింపవలెను. ఒక చక్రమువద్దనే వచ్చి, ఆ చక్రము తక్కినవానికంటె వేడిగా నున్నచో బ్రేకు పట్టుకొనియున్నదనియో, హ్యాండుబ్రేకు విడువలేదనియో తెలియవలెను. బరువెక్కువై గుంతలలో మాత్రమే వచ్చినచో టైరు మడ్‌గార్డునకు రాచుకొనుచుండవచ్చును. టైరుమీది గీఱుడే సాక్ష్యము. ఎగువ నెక్కునపుడు ఇంజను మ్రోత హెచ్చియు వేగము హెచ్చనిచో క్లచ్చి జాఱుచున్నది. ఒక్కొక్కప్పుడు రోడ్డుమీది ప్లాస్టికు సంచి వేడి పొగగొట్టమున కంటుకొని యిట్టి వాసననే పుట్టించును. దీపములు మినుకుమినుకుమనుచు, బండిలోపల వైరు కాలిన వాసన వచ్చుట యన్నిటికంటె అపాయకరము. ఫ్యూజు పోయినచోట అంతకంటె పెద్ద ఫ్యూజును గాని, తీగముక్కను గాని వేయువాడు నిప్పును పిలిచినవాడగును.

వాసన తగిలినంతనే బండిని ప్రక్కగా నాపి, ఇంజను నార్పి, అందఱును దిగి దూరముగా నిలువవలెను. ఘాటులో చక్రములకు రాళ్లు పెట్టవలెను. ఇంజను తిరుగుచుండగా బెల్టు దగ్గఱ చేయి పెట్టరాదు. వేడి రేడియేటరు మూత తీయరాదు. కాగిన బ్రేకులపై నీళ్లు పోయరాదు. పొగయో మంటయో కనబడినచో బానెట్టు నెత్తరాదు. గాలి సోకి మంట పెరుగును.

ఆ దినమున మేము గుహలను చూడలేదు. ఆల్టర్నేటరు మార్పించుటకు బెల్టు వెలకు ఎన్నియో రెట్లు వ్యయమయ్యెను. తిరిగి వచ్చునపుడు ఆ చిన్నవానితో, "నీవు చెప్పినపుడే ఆపవలసినది, తప్పు మాది" అని యొప్పుకొంటిమి. వాడు సిగ్గుపడి కిటికీవైపు తిరిగెను. తరగతిలో ప్రశ్నింపుడని బోధించు మేమే, త్రోవలో వాని నోరు మూయించితిమి. బండిలో గాని, ఇంటిలో గాని, పాఠశాలలో గాని పిల్లవాడు "ఏదో కాలుచున్నది" అన్నప్పుడు, తల్లిదండ్రులును ఉపాధ్యాయులును ఒక్కక్షణ మాగి విచారింపవలయునని మా మనవి.