కోచింగ్ దిల్‌సుఖ్‌నగర్‌లో, చదువు ఎల్బీనగర్ కోర్టులో

“మావాడు కార్పొరేట్ లా చేస్తానంటున్నాడు, క్లాట్‌కి ఏ సెంటర్ మంచిది?” దిల్‌సుఖ్‌నగర్‌లో తల్లిదండ్రులు ఇప్పుడు తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. ఇంజినీరింగ్, బ్యాంకులు, గ్రూప్స్ అయ్యాయి. ఇక లా వంతు. కార్పొరేట్ అనగానే వాళ్లకు ఏసీ ఆఫీసూ లక్షల జీతమూ కనిపిస్తాయి. కంపెనీ తప్పుకు మనుషులు చనిపోతే ఎవరిని బోనెక్కించాలన్నదీ ఆ చట్టంలో భాగమేనని ఏ కోచింగ్ కరపత్రమూ చెప్పదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకైంది. 12 మంది చనిపోయారు. జులైలో సీఈవో సహా 12 మంది అరెస్టయ్యారు. ఇలాంటి కేసుల్లో అసలు పోరు సెక్షన్ దగ్గరే. బ్రిటన్ 2007లో కంపెనీనే నరహత్యకు శిక్షించే ప్రత్యేక చట్టం తెచ్చుకుంది. మనకు అది లేదు. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 106 కింద నిర్లక్ష్యమైతే గరిష్ఠం ఐదేళ్లు. ప్రాణం పోవచ్చని తెలిసీ చేశారని 105 కింద రుజువైతే పదేళ్ల దాకా. భోపాల్ గ్యాస్ లీకు కేసులో 1996లో సుప్రీంకోర్టు అభియోగాన్ని నిర్లక్ష్యానికి తగ్గించింది. అన్ని వేల ప్రాణాలకు 2010లో పడింది రెండేళ్ల శిక్ష!

“తెలిసీ” అని రుజువు చేయాలంటే ట్యాంకు ఉష్ణోగ్రత రికార్డులు చదవాలి, స్టైరీన్ దానంతటది పాలిమర్‌గా మారకుండా ఆపే రసాయనం ఎందుకు తగ్గిందో, సైరన్ ఎందుకు మోగలేదో సాక్షిని అడగాలి. అది కెమిస్ట్రీ వచ్చిన వకీలు పని. అందుకే బీఎస్సీ, కెమికల్ బీటెక్ పిల్లలు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేస్తామంటే నాకు సంతోషం. డిగ్రీలో 45 శాతం ఉంటే అందుకు ప్రవేశ పరీక్ష లాసెట్ రాయొచ్చు. రిజర్వేషన్ వారికి సడలింపు ఉంది.

క్లాట్ ర్యాంకుతో సీటిచ్చే నల్సార్ లా యూనివర్సిటీ గొప్ప సంస్థే, కాదనను. కానీ ఎంపీసీ సిలబస్‌తోనే సతమతమవుతున్న పిల్లాడి నెత్తిన సాయంత్రం క్లాట్ బ్యాచ్ కూడా పెట్టి, ర్యాంకు రాకపోతే “మా డబ్బంతా పోయింది” అని దెప్పడం ఏం న్యాయం? లాసెట్‌కి లాంగ్ టర్మ్ హాస్టల్ అక్కర్లేదు. పాత పేపర్లూ రోజూ వార్తాపత్రికా చాలు. ఇక “కార్పొరేట్ క్రిమినల్ లా” పేరుతో నెలల్లో ఇచ్చే ఆన్‌లైన్ సర్టిఫికెట్లకు అప్పు చేసి ఫీజు కట్టకండి. కోర్టులో వాదించాలంటే ఎల్‌ఎల్‌బీ, బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్, ఆలిండియా బార్ పరీక్ష కావాలి. ఆ సర్టిఫికెట్ వీటిలో దేనికీ బదులు కాదు.

చేదు నిజం కూడా వినండి. సీనియర్ దగ్గర జూనియర్‌గా మొదటి సంవత్సరాల్లో చేతికొచ్చేది బస్‌పాస్ ఖర్చులకే సరిపోతుంది. ఆ కాలం ఇల్లు ఆదుకోవాలి. అయినా జడ్జి అవుదామన్నా దాన్ని దాటవేసే దారి లేదు: జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరని సుప్రీంకోర్టు 2025 మే 20న తేల్చేసింది.

ఫీజు కట్టే ముందు పిల్లల్ని మెట్రోలో ఎల్బీనగర్ తీసుకెళ్లండి. రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో మామూలుగా విచారణ ఎవరైనా కూర్చుని వినొచ్చు. రెండు క్రాస్ ఎగ్జామినేషన్లు విన్నాక కూడా ఆసక్తి ఉందంటే, అప్పుడు దరఖాస్తు పెట్టించండి.