సగం అంటే సమానం

సాయంత్రం అయింది. అమ్మ కూలి నుంచి వచ్చింది. కొంగులో రేగుపళ్ళు తెచ్చింది. లెక్కపెడితే 8 ఉన్నాయి.

"పిల్లలకు చెరి సగం పెట్టు అత్తా" అని చెప్పి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది.

చిట్టికి 6 ఏళ్ళు. బుజ్జికి 4 ఏళ్ళు. నాయనమ్మ బుజ్జికి 5 పళ్ళు పెట్టింది. చిట్టికి 3 పెట్టింది.

"తమ్ముడికే ఎక్కువ పెట్టావు" అంది చిట్టి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"వాడు మగపిల్లాడు కదే. తిననీ" అంది నాయనమ్మ.

అమ్మ రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు లెక్కలు కూడా చేస్తుంది. ఆమె పళ్ళన్నీ మళ్ళీ ఒక చోట కుప్ప పోసింది.

"చిట్టీ, ఈసారి నువ్వు పంచు. ఒక్కొక్కటే పెట్టాలి" అంది.

"తమ్ముడికొకటి, నాకొకటి. తమ్ముడికొకటి, నాకొకటి" అంటూ చిట్టి పంచింది. కుప్ప అయిపోయింది.

చిట్టి తన పళ్ళను ఎడంగా పేర్చుకుంది. బుజ్జి దగ్గర దగ్గరగా పేర్చుకున్నాడు. చూసి ఏడుపు మొదలుపెట్టాడు.

"అక్క వరుసే పొడుగు. అక్కకే ఎక్కువ!"

చిన్నపిల్లలకు ఇది మామూలే. వరుస పొడుగ్గా కనిపిస్తే ఎక్కువ ఉన్నాయనుకుంటారు. అందుకు కోప్పడకూడదు. అమ్మ అక్క పండుకు ఎదురుగా తమ్ముడి పండు పెట్టించింది. అన్నీ జతలు కుదిరాయి. ఒక్కటీ మిగలలేదు.

"ఇప్పుడు లెక్కపెట్టు" అంది అమ్మ.

"నాకు 4. అక్కకూ 4" అన్నాడు బుజ్జి.

"అంతే. 8లో సగం 4" అంది అమ్మ.

"ఒక పండు అటూ ఇటూ అయితే ఏం పోయిందే?" అంది నాయనమ్మ.

"అత్తా, మీ రోజుల్లో కూలి గింజలు ఎట్లా కొలిచేవారు?"

"కుంచంలో సగం అడ్డ. అడ్డలో సగం మానిక. మానికలో సగం తవ్వ. తవ్వలో సగం సోల. చదువు రాకపోయినా ఇవి నాకు బాగా తెలుసు."

"నీకు తవ్వ గింజలు రావాలి. ఆసామి సోలే కొలిస్తే?"

"ఊరుకుంటానా? అది దొంగ కొలత!" అంది నాయనమ్మ. ఆ మాట అని చిట్టి వైపు చూసింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మర్నాడు అమ్మ 7 పళ్ళు తెచ్చింది. నాయనమ్మే పిల్లలను పిలిచింది.

"ఒక్కొక్కటే పంచుకోండి" అంది.

చెరి 3 వచ్చాయి. ఒకటి మిగిలింది. రేగుపండులో గింజ ఉంటుంది. దాన్ని సగం చేయలేం. రొట్టె మిగిలితే విరవొచ్చు. అప్పుడు చెరి అర రొట్టె వస్తుంది.

"ఇది నీకు" అని చిట్టి ఆ పండును నాయనమ్మ చేతిలో పెట్టింది.

మీ పిల్లలతో చేయించండి

1. చింతపిక్కలు తీసుకోండి. ముందు 2 ఇవ్వండి. తరవాత 4, 6, 8, 10 ఇవ్వండి. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా దగ్గరుండి చూడండి.

2. పంచే పని పిల్లలకే వదలండి. మీరు పంచి పెట్టకండి.

3. పంచాక ఒకదానికి ఎదురుగా ఒకటి పెట్టించండి. జతలు కుదిరితే సగం సరిగ్గా వచ్చినట్టు.

4. నోటితో చెప్పడం వచ్చాక పలక మీద రాయించండి.

2లో సగం 1
4లో సగం 2
6లో సగం 3
8లో సగం 4
10లో సగం 5

2, 4, 6, 8, 10 సరి సంఖ్యలు. ఇద్దరికి పంచితే ఏమీ మిగలదు. 1, 3, 5, 7, 9 బేసి సంఖ్యలు. ఇద్దరికి పంచితే ఒకటి మిగులుతుంది.

ఆలోచించండి

1. 12 చింతపిక్కల్లో సగం ఎన్ని?

2. 9 చింతపిక్కలు ఇద్దరికి పంచితే ఎన్ని మిగులుతాయి?

3. మీ ఇంట్లో పాలు, గుడ్డు, కూర ఆడపిల్లకూ మగపిల్లాడికీ సమానంగా అందుతున్నాయా?