ఎర్ర అక్షరాలు చూసి కంగారుపడకండి

మీ అమ్మాయి పైథాన్ నేర్చుకోవడం మొదలుపెట్టిందా? అయితే కొన్నాళ్లపాటు కంప్యూటర్ తెరమీద ఎర్ర అక్షరాలే ఎక్కువగా కనిపిస్తాయి. ఎర్ర సిరా అంటే మార్కులు పోవడమేనని మనకు బడినాటి నుంచీ అలవాటు కాబట్టి చూడగానే మనసు చివుక్కుమంటుంది. ఇక్కడ ఆ లెక్క వద్దు. ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్న ప్రోగ్రామర్లకూ ఎర్రర్లు రోజూ వస్తూనే ఉంటాయి. తప్పు ఏ లైనులో ఉందో, ఎలాంటిదో చెప్పే కబురు అది. దాన్ని చదవడం వస్తే సగం పైథాన్ వచ్చినట్టే.

నెదర్లాండ్స్‌కు చెందిన గీడో వాన్ రోసమ్ ఈ భాషను 1989 చివర్లో మొదలుపెట్టి 1991లో లోకానికి ఇచ్చారు. మనిషి కంటికి చదవడానికి తేలిగ్గా ఉండాలన్న పట్టింపు దాని ప్రతి నియమంలోనూ కనిపిస్తుంది. సీ, జావా లాంటి భాషల్లో ఫ్లవర్ బ్రాకెట్లు చేసే పనిని ఇక్కడ లైను ముందు వదిలే ఖాళీ చేస్తుంది. ఇఫ్ అనో ఫర్ అనో రాశాక చివర కోలన్ పెట్టాలి. కింది లైన్లను లోపలికి జరపాలి. నాలుగు స్పేసులు వదలడం వాడుక. కోలన్ మరిచినా, కలిసి ఉండవలసిన లైన్ల మధ్య ఒక్క స్పేసు తేడా వచ్చినా ప్రోగ్రాం నడవదు. ఇంత చిన్నదానికే ఆగిపోవాలా అని పిల్లలకు ఉక్రోషం వస్తుంది. అప్పుడు కసరకండి, పక్కన కూర్చోండి.

మీకు పైథాన్ రానక్కర్లేదు, ఎక్కాలు వస్తే చాలు. ఏడో ఎక్కం చూపించే ప్రోగ్రాం రాయమనండి. ఒకటి నుంచి పది వరకు కదా అని, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా లెక్కపెట్టాలో చెప్పే రేంజ్‌లో 1, 10 అని రాస్తుంది. ఎక్కం 'ఏడు తొమ్ముదులు అరవై మూడు' దగ్గర ఆగిపోతుంది. రేంజ్‌లో చివర ఇచ్చిన అంకె లెక్కలోకి రాదు, అక్కడ 11 అని ఉండాలి. ఈసారి ఎర్ర అక్షరాలు రావు, ఎందుకంటే రాసిన తీరులో పైథాన్‌కు ఏ తప్పూ కనిపించలేదు. కనిపెట్టవలసింది మనిషే. "ఏడు పదులు ఏదమ్మా?" అని అడిగి ఊరుకోండి. 11 అన్న మాట మీ నోట రాకూడదు. ఎంతసేపు పట్టినా తననే వెతుక్కోనివ్వండి.

తర్వాత, ఏ ఎక్కం కావాలో కీబోర్డు నుంచి అడిగి తీసుకునేలా మార్చమనండి. 7 అని కొట్టి దాన్ని మూడుతో గుణిస్తే 21 రావాలి కదా, 777 వస్తుంది! ఇన్‌పుట్ ద్వారా వచ్చిన దేన్నయినా పైథాన్ అక్షరాలుగానే తీసుకుంటుంది. అందుకే ఏడును మూడుసార్లు పక్కపక్కన పేర్చింది. ఇంట్ అనే ఆదేశంతో దాన్ని అంకెగా మార్చుకోవాలి. పిల్లలు పడీ పడీ నవ్వే తప్పు ఇది, నవ్వనివ్వండి. ఎందుకలా అయిందో తామే పట్టుకుంటే అంకెకూ అక్షరానికీ తేడా ఇక మరిచిపోరు.

ఎర్రర్ వచ్చినప్పుడు చివరి లైను పైకి చదవమనండి. ఇంగ్లీషు మాట అర్థం కాకపోతే అర్థం చెప్పండి, అక్కడితో ఆగండి. 2021లో వచ్చిన 3.10 వెర్షన్ నుంచి ఈ సందేశాలు బాగా మెరుగయ్యాయి. బ్రాకెట్ మూయలేదనో, కోలన్ ఉండాలనో సూటిగా చెబుతాయి. కాబట్టి పాతది కాకుండా కొత్త వెర్షనే వేయించండి. డబ్బు కట్టే పని లేదు.

ఇఫ్, ఫర్ లాంటి కీవర్డులు 35 మాత్రమే కదా అని బట్టీ పట్టించకండి. రాస్తుంటే అవే వస్తాయి. ప్రోగ్రాం అంతా రాసిచ్చే ఏఐ ఫోన్‌లోనే ఉంది. ఎర్రర్ అర్థం అడగడానికి వాడుకోనివ్వండి గానీ, మొదటి నెలల్లో ప్రతి లైనూ తన వేళ్లతోనే టైప్ చేయాలి. సర్టిఫికెట్ల తొందరా వద్దు. సీబీఎస్‌ఈలో కంప్యూటర్ సైన్స్ తీసుకుంటే పదకొండో తరగతిలో పైథాన్ ఎలాగూ మొదటి నుంచి చెబుతారు.

తెలుగు మీడియం పిల్లలకు ఒక వెసులుబాటు ఉంది. పైథాన్ 3లో విలువలు దాచుకునే వేరియబుల్స్‌కు పేర్లు తెలుగు లిపిలో పెట్టుకోవచ్చు. వయసు, ఎక్కం, మొత్తం అని రాసుకుంటే ఏ పేరు దేనికో వెంటనే తెలుస్తుంది. ఇఫ్, ఫర్ లాంటివి మాత్రం ఇంగ్లీషులోనే ఉండాలి. చెయ్యి తిరిగాక ఆ పేర్లనూ ఇంగ్లీషులోకి మార్చుకోమనండి, పరీక్షల్లో అదే వాడుక.