అరచేతులు కందిన రోజు

ఫిబ్రవరి వచ్చిందంటే అమెరికాలో చాలా బడుల నుంచి ఇంటికి మెయిల్ వస్తుంది. నల్లజాతి చరిత్ర మాసం, ఆఫ్రికన్ నృత్యం, వాద్యాలు, పిల్లలకు రంగురంగుల బట్టలు వేసి పంపండి అని. మనం బట్టలు తెప్పిస్తాం, ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతాం. దయచేసి అక్కడితో ఆగిపోకండి.

మా అబ్బాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు అలాంటి రోజే జెంబే వాయించి వచ్చాడు. అరచేతులు ఎర్రగా కందిపోయాయి. కంచం పక్కకి జరిపి, టేబుల్ మీద కొట్టి చూపించాడు. వాద్యం నడిమధ్య అరచెయ్యి మొత్తం వేస్తే గుమ్మంటుందట, అంచున వేళ్ళు కలిపి కొడితే ఖంగుమంటుందట, వేళ్ళు వదులు చేసి చరిస్తే చెళ్ళుమంటుందట. ఒక్క మేకతోలుకు మూడు గొంతులు! "మన డప్పు కూడా ఇంతేనా?" అన్నాడు. మంట దగ్గర కాచి బిగువెక్కిస్తారని చెప్పాను. ఆ డప్పు కొట్టినవాళ్ళను మన ఊళ్ళు ఎంత దూరంలో నిలబెట్టాయో కూడా చెప్పాను. చెప్పడం తేలిక కాలేదు.

జెంబే మాలి, గినీ ప్రాంతాల మాండే ప్రజలది. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి, అన్నిటికీ ఒకే ఆట, ఒకే పాట ఉండవని ముందే చెప్పండి. తర్వాత సౌత్ కరోలినా కథ చెప్పండి. 1739లో స్టోనో దగ్గర బానిసలు తిరగబడి, డ్రమ్ములు మోగిస్తూ నడిచారు. మరుసటి ఏడే అక్కడ చట్టం చేసి వాళ్ళకు డ్రమ్ములు నిషేధించారు. వాద్యం లాక్కుంటే వాళ్ళు ఒంటినే వాద్యం చేసుకున్నారు. తొడ మీద, ఛాతీ మీద చరుస్తూ, నేలను తన్నుతూ దరువు నిలబెట్టుకున్నారు. బడిలో టీచరు తొడ చరిచి నేర్పే ఆట వెనుక ఇంత ఉందని పిల్లలకు తెలియాలి. ఈ చరిత్ర కోసం 1926లో ఒక వారాన్ని మొదలుపెట్టిన కార్టర్ వుడ్సన్ అమ్మానాన్నలు బానిసలుగా బతికినవాళ్ళే. ఆ వారమే 1976లో మాసమైంది.

ఇందులో మనకేముంది అంటారా? దేశాలవారీ కోటాలు తీసేసి మనలాంటివాళ్ళకు తలుపు తెరిచిన 1965 వలస చట్టం, పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన ఊపులోనే వచ్చింది. ఇంకా దగ్గరిది కావాలంటే, హైదరాబాద్‌లో ఉన్న తాతయ్యకు ఫోన్ చేసి ఏసీ గార్డ్స్‌కు ఆ పేరెలా వచ్చిందో అడగమనండి. నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం ఉన్న చోటు అది. పాతబస్తీ బరాత్‌లలో మోగే మర్ఫా, సిద్దీలని పిలిచే ఆ ఆఫ్రికన్ మూలాలవాళ్ళు నిలబెట్టిన వాద్యమే.

అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో మన మాట. పొద్దున బడిలో జెంబే వాయించిన పిల్ల, సాయంత్రం కారు వెనక సీట్లో కూర్చుని "అది నల్లోళ్ళ ఏరియా, అటు పోవద్దు" అని వింటుంది. ఆదివారం "ఎండలో ఆడకు, నల్లబడతావు" అని వింటుంది. బడి ఎంత చెప్పినా పిల్లలు నమ్మేది మన నోటి మాటనే. ముందు దాన్ని దిద్దుకుందాం.

ఈసారి మెయిల్ వచ్చినప్పుడు ఒక గంట సెలవు పెట్టి వెళ్ళండి. ఆట అయ్యాక మీ పిల్లను వాయించినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, ఆ దరువు పేరేమిటో, ఏ ఊరిదో, ఎప్పుడు వాయిస్తారో అడగమనండి.