పొడి అక్షరాలు – నిండు వాక్యాలు

తంతి వార్తలు నడిచిన కాలమున పండుగ శుభాకాంక్షలు పంపదలచినవారు పూర్తి వాక్యము వ్రాయనక్కరలేకపోయెడిది. తంతి శాఖవారి పట్టికలో ఒక్కొక్క శుభాకాంక్షకు ఒక్కొక్క అంకె ఉండెడిది. దీపావళి శుభాకాంక్షలకు 1, ఈద్ ముబారక్‌కు 2, వధూవరుల చిరకాల సుఖదాంపత్యమునకు 8. తీగపై సాగిపోవునది అంకె మాత్రమే. అవతలి ఊరి తంతి కార్యాలయమున ఆ అంకెకు తగిన వాక్యమును నిండుగా వ్రాసి అందజేసెడివారు. 2013 జూలైలో మన దేశమున తంతి సేవ ముగిసినది గాని, ఆ ఉపాయము నేడు కంప్యూటరులో కొనసాగుచున్నది. విద్యార్థులకు అక్కరకు వచ్చు ఆ పద్ధతిని ఇచట వివరించుచున్నాము.

తెలుగు టైపు చేయువారికి దీని అవసరము మరింత ఎక్కువ. ‘ఆంధ్రప్రదేశ్’ అను మాట కంటికి అయిదక్షరములే. యూనికోడ్ లెక్కలో మాత్రము ఒత్తులు, గుణింతములు, సున్న కలిసి 12 సంకేతములు. దరఖాస్తులలోను, ధ్రువపత్రములలోను ఇట్టి మాటలు పదే పదే వచ్చును. ఉర్దూ చదువు విద్యార్థులకు ఈ భావము క్రొత్త కాదు. ప్రవక్త నామము తరువాత వ్రాయు దీవెన వాక్యమంతటికిని యూనికోడ్‌లో ఒకే సంకేతము కలదు.

పద్ధతులు రెండు. మొదటిది ఆటోకరెక్ట్. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్ వరుసగా తెరచి, ఆటోకరెక్ట్ ఆప్షన్స్ నొక్కవలెను. ‘రిప్లేస్’ గడిలో పొడి అక్షరములు, ‘విత్’ గడిలో నిండు వాక్యము ఉంచి ‘యాడ్’ నొక్కవలెను. ఆ తరువాత పొడి అక్షరములు కొట్టి ఖాళీ ఇచ్చినంతనే వాక్యము తానే వచ్చును. రెండవది ఆటోటెక్స్ట్. ఇందులో పొడి అక్షరములు కొట్టి ఎఫ్3 మీట నొక్కినగాని వాక్యము రాదు. ఉచితముగా లభించు లిబ్రేఆఫీస్ రైటర్‌లో కూడ ‘టూల్స్’ క్రింద ఆటోటెక్స్ట్ కలదు. అచటను ఎఫ్3 మీటయే.

పొడి అక్షరముల ఎంపికలో జాగ్రత్త అవసరము. ‘మాన్యులైన విద్యాధికారి గారికి’ అనుటకు ‘మావి’ అని పెట్టుకొన్నచో, ‘ఈ పుస్తకములు మావి’ అని వ్రాసినపుడు కూడ విద్యాధికారిగారు ప్రత్యక్షమగుదురు! ‘మవిగా’ అని పెట్టుకొన్నచో అట్టి మాట భాషలో లేదు గనుక చిక్కు లేదు.

ఇంతకంటె పెద్ద చిక్కు మాకే ఎదురైనది. ‘మైకృ’ అని కొట్టినచో ‘మైలవరం, కృష్ణా జిల్లా’ అని వచ్చునట్లు మేము ఏనాడో అమర్చుకొంటిమి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి, మైలవరము విజయవాడ కేంద్రముగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో చేరినది. కొన్ని నెలల తరువాత ఒక విద్యార్థిని ఉపకార వేతనపు దరఖాస్తు మేమే టైపు చేసి ఇచ్చితిమి. వ్రేళ్లు అలవాటు చొప్పున ‘మైకృ’ కొట్టినవి. పాత జిల్లా పేరే అచ్చయినది. గడువు రెండు దినములు ఉన్నదనగా దరఖాస్తు తిరిగి వచ్చినది. ఆ బాలిక కూలి పని మానిన తండ్రితో మరల రావలసి వచ్చినది. తిరిగి వ్రాసి ఇచ్చుటకు మాకు పట్టినది పది నిమిషములే గాని, ఆ తండ్రి పోగొట్టుకొన్నది ఒక దినపు కూలి. యంత్రము మేము చెప్పినదే చేసినది. చదువకుండ సంతకమునకు పంపినది మేము.

కావున మూడు నియమములు పాటింపుడు. పేరు, తేదీ, మొత్తము, కుమారుడు-కుమార్తె వంటివి ఎన్నడును నిలువ వాక్యములో చేర్పరాదు. అచట ఖాళీ విడువవలెను. మార్పునకు లోనగు చిరునామాలకు ఆటోకరెక్ట్ గాక, ఎఫ్3 పద్ధతినే వాడవలెను. ప్రతి విద్యాసంవత్సరము మొదట మీ పట్టికను ఒకసారి తిరుగవేసి పాతబడినవి తొలగింపవలెను. కళాశాల కార్యాలయమున కూడ ఇట్టి పట్టిక ఒకటి గోడపై ఉంచి, ఏటేట సరిచూడవలసినదిగా కమిటీ వారిని కోరుచున్నాము.

పొడి అక్షరములు చేతి శ్రమను తగ్గించును. కాగితమును ఆసాంతము చదువు శ్రమ మాత్రము మనదే.