కార్వాన్ మీదుగా రా

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన జాబితా రాత్రి చదివాను. గోల్కొండ, ఏడు గుంబజ్‌లు, చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా, పురానీ హవేలీ, సాలార్‌జంగ్ మ్యూజియం, ఫలక్‌నుమా, బిర్లా మందిర్, చివర్న ట్యాంక్‌బండ్. ఇన్ని చోట్లూ ఒక్క రోజులోనా? మొదటిసారి గైడుగా సొంతంగా ఒక కుటుంబాన్ని తిప్పబోతున్నావు, గుంటూరు తాతయ్యా నాయనమ్మా, అమెరికా నుంచి వచ్చిన కొడుకూ కోడలూ, ఇద్దరు పిల్లలూ. ఏదీ వదలకూడదన్న నీ ఆరాటం అర్థమైంది. ఇవన్నీ ఫోన్లో చెప్పేవి కావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు తేదీ మార్చు. నువ్వు పెట్టింది శుక్రవారం. చౌమహల్లా, సాలార్‌జంగ్ రెండూ శుక్రవారం మూసి ఉంటాయి. మక్కా మసీదు దగ్గర జుమ్మా నమాజుకి జనం కిక్కిరిసి ఉంటారు, ఆ వేళలో ముసలివాళ్లని అక్కడ నడిపించలేవు. గురువారానికి ఒప్పించు.

తర్వాత ఆ జాబితాలో సగం కొట్టెయ్యి. సాలార్‌జంగ్ ఒక్కదానికే సగం రోజు కావాలి. గంటలో చూపిస్తే వాళ్లకి గుర్తుండేది ముసుగు రెబెకా, గంటలు కొట్టే గడియారం, రెండే. ఫలక్‌నుమా ఇప్పుడు హోటలు, ముందుగా బుక్ చేసుకోకుండా గేటు దాటనివ్వరు. బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్ వాళ్లంతట వాళ్లే వెళ్లి చూసుకోగలరు, దానికి నువ్వక్కర్లేదు. పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువాలు చూడదగ్గవే, ఓ హాలు పొడుగునా రెండు అంతస్తుల్లో ఉంటాయి. కాని ఈసారికి వద్దు.

బస్సులో తీసుకెళ్తే నలభై మందినీ గడియారం చూసుకుంటూ తోలాలి. నిన్ను విడిగా పెట్టుకున్నవాళ్లు ఎక్కువ డబ్బు ఇచ్చేది ఏసీ కారు కోసం కాదు, మనసైన చోట కాసేపు నిలబడటానికి. ఆ వీలు నువ్వే తీసేస్తే వాళ్లకి బస్సే నయం.

గోల్కొండకి 9 కల్లా చేరాలి. పొద్దెక్కితే ఆ రాయి కాలుతుంది. పైకి 360 మెట్లని చెబుతుంటారు. గుంటూరు నుంచి వచ్చే ఆ తాతయ్యనీ నాయనమ్మనీ మొత్తం ఎక్కిద్దామని చూడకు. ప్రవేశద్వారం గోపురం కింద చప్పట్లు కొడితే కొండమీద బాలా హిస్సార్ దగ్గర వినపడుతుందని అన్ని పుస్తకాల్లోనూ ఉంది, అందరూ అక్కడ రెండు చప్పట్లు కొట్టి కదిలిపోతారు. నువ్వలా చెయ్యకు. పిల్లలిద్దర్నీ తల్లిదండ్రులతో పైకి పంపు. పైకి చేరాక ఫోన్ చెయ్యమను. అప్పుడు కింద తాతయ్య చేత కొట్టించు. పిల్లలు పైనుంచి "వినపడింది తాతా!" అని అరుస్తారు. కోట కాపలాకి ఈ ఏర్పాటు ఎందుకు పనికొచ్చిందో ఆ తర్వాత నువ్వు చెప్పేది ఒక్క మాటలో అయిపోతుంది.

రామదాసు బందిఖానా మెట్ల దారిలోనే వస్తుంది. తెలుగువాళ్లు ఎవరొచ్చినా అక్కడిదాకా ఎక్కుతామంటారు. మెల్లగా, మధ్యమధ్య కూర్చోబెడుతూ తీసుకెళ్లు. లోపల గోడమీద దేవుళ్ల బొమ్మలుంటాయి. ఆ నాయనమ్మ చేతులు జోడించి కళ్లు మూసుకుంటే నువ్వు నోరు మూసుకో. ఆవిడ బయటికొచ్చాక, రామదాసుగా పేరుపడ్డ పాల్వంచ తహసీల్దారు కంచెర్ల గోపన్న ఎవరు, ఆయన మేనమామలు అక్కన్న మాదన్నలు గోల్కొండ సుల్తాను తానీషా కొలువులో ఏ స్థానంలో ఉన్నారు అన్నది చెప్పు. భద్రాచలం కల్యాణానికి ఇవాళ్టికీ ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు పంపుతోంది, ఆ ఆనవాయితీని తానీషా పేరుతోనే చెప్పుకుంటారు. రాముడు వచ్చి బాకీ తీర్చిన ముచ్చట ఆవిడకి నీకన్నా బాగా తెలుసు, ఆవిడ చేతే పిల్లలకి చెప్పించు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఆ రోజు నువ్వేం చెప్పినా వాళ్లు నమ్ముతారు. పిల్లలు ఆ మాటలే అమెరికా వెళ్లి స్కూల్లో చెబుతారు. కోటలో తిరిగేవాళ్లలో కొందరు నోటికొచ్చింది చెప్పేస్తారు, వినేవాళ్లు నోరెళ్లబెడితే ఇంకో రెండు కలుపుతారు. కోహినూరు గోల్కొండ గనిలో దొరికిందంటారు. గోల్కొండలో గని ఎక్కడుంది బిడ్డా? ఇది వజ్రాల బజారు, ఖజానా. తవ్వింది కృష్ణ ఒడ్డున, కొల్లూరు లాంటి చోట్ల. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కొల్లూరు వెళ్లి చూసి, ఆడా మగా పిల్లలతో కలిపి 60,000 మంది అక్కడ పనిచేస్తున్నారని రాశాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పల్నాడు జిల్లాలో పులిచింతల జలాశయం నీళ్లకింద ఉంది. వచ్చేది గుంటూరు వాళ్లు కదా, ఈ మాట చెప్పి చూడు. కొండమీద నిలబడి రాజుల గొప్ప వింటున్నవాళ్లకి, ఆ గొప్పకి రాళ్లెత్తినవాళ్లు తమ ఊరి పక్కవాళ్లేనని తెలిస్తే ఆ కోట వాళ్లకి వేరేగా కనిపిస్తుంది.

భాగమతికీ కుతుబ్‌షాహీ సుల్తానుకీ నడిచిందనే ప్రేమకథ చెప్పు, పిల్లలు ఇష్టంగా వింటారు. కాని కథని కథ అనే చెప్పు. హెచ్.కె. షేర్వానీ లాంటి చరిత్రకారులు ఆవిడ ఉన్నదనే ఒప్పుకోలేదు, కుతుబ్‌షాహీల సమాధులున్న ఏడు గుంబజ్‌లలో ఆవిడ పేరున సమాధి లేదు. చార్మినార్ 1591లో ఎందుకు కట్టారంటే మహమ్మారి తగ్గినందుకని ఒక మాట, హిజ్రీ వెయ్యో సంవత్సరానికి గుర్తుగా అని ఒక మాట. రెండూ చెప్పు. చార్మినార్ నుంచి గోల్కొండకి సొరంగం సంగతి వాళ్లడిగితేనే మాట్లాడు, జనం అలా చెప్పుకుంటారని చెప్పి ఊరుకో.

గుంబజ్‌ల దగ్గర నీకు రెండు సమాధులు చాలు. ఒకటి ఇబ్రహీం కుతుబ్‌షాది. అన్న జంషీద్‌కి భయపడి విజయనగరంలో అళియ రామరాయల దగ్గర ఏడేళ్లు తలదాచుకుని, 1550లో తిరిగొచ్చి గద్దెనెక్కాడు. మన కవులు ఆయన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖానుకి పొన్నగంటి తెలగనార్యుడు అచ్చ తెలుగు యయాతి చరిత్రని ఇచ్చాడు. అదే ఇబ్రహీం 1565లో మిగతా సుల్తానులతో కలిసి, తనకి అన్నం పెట్టిన రామరాయల మీదికి యుద్ధానికెళ్లాడు. రెండూ చెప్పాలి. తెలుగు కవుల్ని ఆదరించాడని ఒకరూ, విజయనగరాన్ని కూల్చాడని ఇంకొకరూ తమకి కావలసిన ముక్క పట్టుకుపోతారు. మనిషి మాత్రం ఒక్కడే, ఆ రాతికింద పడుకున్నాడు.

రెండోది అక్కడ లేని సమాధి. చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా తన పూర్వీకుల పక్కన లేడు. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687లో ఔరంగజేబు కోట పట్టుకున్నాడు. తానీషాని దౌలతాబాదు కోటలో బందీగా పెట్టారు, అక్కడే పోయాడు, ఖుల్దాబాదులో పూడ్చారు. ఔరంగజేబు సమాధి కూడా ఖుల్దాబాదులోనే ఉంది. ఓడినవాడూ గెలిచినవాడూ ఒకే ఊళ్లో. అది విని ఆ చిన్న పిల్ల తప్పకుండా ఏదో అడుగుతుంది, తొందరగా జవాబిచ్చి ముందుకు సాగిపోకు.

గుంబజ్‌ల నుంచి చార్మినార్‌కి పది, పదకొండు కిలోమీటర్లు. మ్యాపు ఎటు చూపిస్తే డ్రైవర్ అటు పోతానంటాడు. నువ్వు మాత్రం కార్వాన్ మీదుగా రా. ట్రాఫిక్ ఉంటుంది, ఉండనీ. వజ్రాల వర్తకులు బిడారులతో దిగిన పేట అది. ఆ తర్వాత పురానాపూల్ వస్తుంది. 1578లో ఇబ్రహీం కట్టించిన వంతెన, మూసీ మీద మొదటిది. దాని పక్క వంతెన మీదుగా కారు మెల్లగా పోనిమ్మని చెప్పు. కోటలో చోటు చాలక, నీళ్లు చాలక జనం ఏటికి ఇవతల పాకడం మొదలెట్టింది ఈ దారినే. ఆ తర్వాత 13 ఏళ్లకి చార్మినార్ లేచింది. కోటకీ నగరానికీ మధ్య ఈ అరగంట కారులో కూర్చునే వాళ్లకి అర్థమవుతుంది, ఇంత బాగా ఇంకే చోటా అర్థం కాదు. ఫ్లైఓవర్ ఎక్కించావంటే వాళ్లు రెండు వేర్వేరు బొమ్మలు చూసి వెళ్లిపోతారు.

భోజనం ఇక్కడే ఎక్కడో చూసుకో. నాయనమ్మ మాంసం తినని మనిషైతే ముందే కనుక్కో. డ్రైవర్ అన్న భోజనం సంగతి వాళ్లకి గుర్తుండదు, నువ్వు గుర్తుపెట్టుకోవాలి. శుభ్రమైన బాత్రూములు ఎక్కడున్నాయో ఒకరోజు ముందే వెళ్లి చూసి పెట్టుకో, ఆడవాళ్లు నోరు విడిచి అడగరు.

మధ్యాహ్నం చౌమహల్లా. 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ మొదలుపెడితే, అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో పూర్తయింది. ఖిల్వత్ దర్బారులో బెల్జియం గాజు షాండ్లియర్లు 19 వేలాడుతుంటాయి, వాటి కింద పాలరాతి గద్దె. పిల్లలకి పసుపురంగు రోల్స్‌రాయిస్ చూపించు, గంటసేపు కదలరు. ఆ గద్దె ముందు నిలబడ్డప్పుడు ఇంకో మాట చెప్పు. మా తాత, నీకు ముత్తాత, జాగీరు ఊళ్లో వెట్టి చేసినవాడు. దొర గడికి మూటలు మోశాడు, కూలి లేదు, కాదనడానికి లేదు. ఆ గాజు దీపాలకి నూనె ఎవరి శిస్తుతో వచ్చిందో చెప్పకపోతే నువ్వు సగం రాజ్యాన్నే చూపించినట్టు. అలాగని ఏడో నిజాంని బూతులు తిట్టడానికి కూడా నిన్ను పెట్టుకోలేదు. 1908 మూసీ వరద ఊరిని ఊడ్చేశాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఆయన కాలంలోనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1918లో ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టారు. ఆ పాలనలోనే రజాకార్లూ ఉన్నారు, 1946 నుంచి రైతులు తుపాకులు పట్టుకోవలసివచ్చింది, 1948 సెప్టెంబరులో భారత సైన్యం రావలసివచ్చింది. ఆ తాతయ్య ఒకవైపు వాదిస్తాడు, కొడుకు ఇంకోవైపు. వాదించుకోనీ. నువ్వు తీర్పరివి కావు, కాని ఎవరైనా తప్పు తేదీ చెబితే మర్యాదగా సరిదిద్దు.

చార్మినార్ చుట్టూ కార్లు రానివ్వరు, దూరంగా దిగి నడవాలి. మక్కా మసీదు ముంగిట ఆసఫ్ జాహీల సమాధుల వరస చూపించు. ఏడో నిజాంది ఇక్కడ లేదు, కింగ్‌కోఠీ దగ్గర మసీదు-ఎ-జూదీలో ఉంది. తల్లిపక్కన పడుకున్నాడాయన.

లాడ్‌బజార్‌లో మెరిసే పెద్ద దుకాణాలు దాటి, లక్క గాజులు చేసేవాళ్లున్న చిన్న సందులోకి తీసుకెళ్లు. నిప్పుల మీద లక్కని కాచి, కడ్డీలా సాగదీసి, చెక్క మీద దొర్లించి, గుండ్రంగా వంచుతారు. తర్వాత అది చల్లారకముందే రాళ్లు ఒక్కొక్కటే అద్దుతారు. అవి చేసేవాళ్ల వేళ్ల చివర్లు చూపించు, కాలి కాలి నున్నగా గట్టిపడి ఉంటాయి. ఈ గాజులకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. బేరం ఎంత గట్టిగా ఆడాలో ఆ కోడలు అప్పుడు తనే నిర్ణయించుకుంటుంది.

కమిషన్ సంగతి కూడా రాయాలి. ముత్యాల దుకాణాలవాళ్లు నీ నంబరు తీసుకుంటారు, గెస్టులని తెస్తే ఇంత శాతం అంటారు. కడుపు కూడు కావాలి కాబట్టి ఎందరో ఒప్పుకుంటారు, వాళ్లని నేను తప్పుపట్టను. నీ ఫీజు మాత్రం ముందే స్పష్టంగా చెప్పి, దుకాణాలకి దూరంగా ఉండు. వాళ్లడిగితే మంచి చోటు చెప్పి, నువ్వు బయటే నిలబడు. పొద్దున్నుంచీ నువ్వు చెప్పిన చరిత్రంతా దుకాణంలో నీ చెయ్యి తడిసిందని తెలిసిన క్షణం వాళ్ల కళ్లలో అబద్ధమైపోతుంది.

సాయంత్రం 5 దాటాక ఇంకేమీ చూపించకు. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇప్పించి, కుర్చీ దొరికినచోట వాళ్లని కూర్చోబెట్టు.

వాళ్లు రాకముందే ఒకసారి తిరిగి చూద్దాం. శనివారం 9కి నేను గోల్కొండ గేటు దగ్గర ఉంటాను, గైడు కార్డు మెళ్లో వేసుకుని రా. పెద్దమ్మ కూడా వస్తానంటోంది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పైగా రామదాసు దగ్గర ఆగకుండా కదలదు. ఆవిణ్ణే మొదటి గెస్టు అనుకో.

ఆశీస్సులతో,
పెద్దనాన్న